సాళ్లు లెక్కపెట్టిన కుర్రాడు

1943లో అమెరికాలోని బాల్టిమోర్‌లో, జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రి పిల్లల మానసిక వైద్యుడు లియో కానర్ పదకొండు మంది పిల్లల గురించి ఒక సుదీర్ఘ వ్యాసం ప్రచురించాడు. ఆటిజం అనగానే ఇవాళ మన మనసుకు తోచే రూపం ఆ వ్యాసంతోనే స్థిరపడింది. అందులోని మొదటి పిల్లవాడు డొనాల్డ్ ట్రిప్లెట్. మిసిసిపీ రాష్ట్రంలో ఫారెస్ట్ అనే చిన్న ఊరు వాళ్లది. నాలుగేళ్లు నిండకముందే వైద్యుల సలహా మీద అతన్ని ఇంటికి దూరంగా ఒక సంస్థలో చేర్చారు. అక్కడ కదలకుండా, దేన్నీ పట్టించుకోకుండా కూర్చుండిపోయేవాడు. దాదాపు ఏడాది చూసి, సంస్థ అధికారి వద్దంటున్నా వినకుండా, తల్లిదండ్రులు వెనక్కి తెచ్చుకున్నారు. తర్వాత కొన్నేళ్లకు ఊరికి కొన్ని మైళ్ల దూరంలో ఉన్న ఒక రైతు దంపతుల దగ్గర ఉంచారు. డొనాల్డ్‌కు కొలతల మీదా అంకెల మీదా విడవని ధ్యాస. ఆ దంపతులు దాన్ని మాన్పించే ప్రయత్నం చేయలేదు. కొలవడం ఇష్టం కదా, బావి తవ్వి ఎంత లోతు వచ్చిందో చెప్పమన్నారు. మొక్కజొన్న సాళ్లను పదేపదే లెక్కపెడుతుంటే, దున్నుతూ లెక్కపెట్టుకోమని నాగలి చేతికిచ్చారు. కానర్ స్వయంగా అక్కడికి వెళ్లి, ఆ పిల్లవాడు గుర్రాన్నీ నాగలినీ తిప్పే నేర్పు చూసి ఆశ్చర్యపోయాడు. ఆ తర్వాత హైస్కూలు, కాలేజీ, 1958లో డిగ్రీ, సొంత ఊళ్లో బ్యాంకు ఉద్యోగం, గోల్ఫ్ ఆట, కారు నడపడం, ఒంటరిగా దేశదేశాల ప్రయాణాలు. 2023లో 89 ఏళ్ల వయసులో చనిపోయేదాకా అతను ఆటిజంతోనే జీవించాడు. అది ఎక్కడికీ పోలేదు.

1971లో కానర్ ఆ పదకొండు మంది ఏమయ్యారో వెతికి మరో వ్యాసం రాశాడు. చిన్నతనంలోనే ప్రభుత్వ మానసిక ఆసుపత్రుల పాలైన పిల్లలు అంతకుముందు తమకున్న తెలివితేటల మెరుపును కూడా పోగొట్టుకుని మూలన పడిపోయారని అందులో బాధతో చెప్పాడు. పదకొండు మంది కథలతో దేన్నీ రుజువు చేయలేం. పైగా డొనాల్డ్ కలవారి బిడ్డ, ఆ బ్యాంకు అతని తల్లి పుట్టింటివాళ్లదే. ఆ అభ్యంతరం దగ్గరికి మళ్లీ వస్తాను. ముందుగా నా వాదన చెబుతాను. ఆటిజాన్ని సానుకూలంగా చూడటమంటే కుటుంబాలు తమను తాము ఓదార్చుకోవడానికి చెప్పుకునే మాట అని చాలామంది అనుకుంటారు. గత యాభై ఏళ్ల పరిశోధనను వరసగా చూస్తే అలా అనిపించదు. ఆటిజాన్ని లోపాల జాబితాగా మాత్రమే చూసే దృష్టే వాస్తవానికి దూరంగా ఉంది. ఈ మనిషి మెదడు పుట్టుకతోనే మరో పద్ధతిలో పనిచేస్తుంది, ఆ పద్ధతికి బలాలూ ఉన్నాయి, ఇబ్బందులూ ఉన్నాయి, దాన్ని చెరిపేసి లోపలి నుంచి వేరే మనిషిని బయటికి తీయడం కుదరదు. సానుకూల దృష్టి అని నేననేది ఈ ఒప్పుకోలునే. ఏ సాయం చేయాలో, ఏది చేయకూడదో తేలేది దీన్ని ఒప్పుకున్నాకే.

ఇంత తేలికైన విషయం ఒప్పుకోవడానికి ఇంత కాలం పట్టడానికి కారణం ఆటిజం చుట్టూ పేరుకున్న నింద, భయం. గత శతాబ్దం మధ్యలో వైద్యులు తల్లుల్ని దోషుల్ని చేశారు. తల్లి మనసు మంచుగడ్డలా ఉండటం వల్లే బిడ్డ లోకానికి ముఖం చాటేశాడన్నారు. షికాగోలో బ్రూనో బెటెల్‌హైమ్ 1967లో ఇదే వాదనతో ఓ పెద్ద పుస్తకం రాశాడు. అంతకు మూడేళ్ల ముందే, తన కొడుక్కు ఆటిజం ఉన్న బెర్నార్డ్ రిమ్‌లాండ్ అనే మనస్తత్వవేత్త దీనికి మూలం శరీరంలో, మెదడులో ఉందని సాక్ష్యాలతో చూపించాడు. 1977లో లండన్‌లో సూసన్ ఫోల్‌స్టీన్, మైకేల్ రటర్ 21 కవలల జంటల్ని పరిశీలించి వంశపారంపర్యం పాత్ర ఎంత పెద్దదో తేల్చారు. 2019లో ఐదు దేశాల్లో 20 లక్షల మంది పిల్లల వివరాలతో చేసిన అధ్యయనం ఆటిజం విషయంలో మనుషుల మధ్య కనిపించే తేడాల్లో దాదాపు 80 శాతం జన్యువుల వల్లే అని లెక్కగట్టింది. అయినా మన దగ్గర ఆ నింద పోలేదు, కొత్త వేషంలో వచ్చింది. ఇప్పుడు తల్లి చేసిన తప్పు బిడ్డ చేతికి ఫోన్ ఇవ్వడం. గంటల తరబడి ఫోన్ చూస్తే పసిపిల్లల మాటకూ నిద్రకూ మంచిది కాదు, తగ్గించాల్సిందే. కానీ ఆటిజం ఫోన్ వల్ల పుట్టదు. అప్పటికే అలసిపోయిన తల్లి మీద ఈ బరువు కూడా వేసినందువల్ల బిడ్డకు ఒక్క మాట కూడా అదనంగా రాదు. ఇక భయం ఎంత దూరం తీసుకుపోతుందో టీకాల కథ చెబుతుంది. 1998లో పన్నెండు మంది పిల్లల ఆధారంగా ఆండ్రూ వేక్‌ఫీల్డ్ అనే వైద్యుడు తట్టు టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టాడు. ఆ వ్యాసాన్ని ‘లాన్సెట్’ పత్రిక 2010లో పూర్తిగా వెనక్కి తీసుకుంది. డెన్మార్క్‌లో ఆరున్నర లక్షల మందికి పైగా పిల్లల్ని పరిశీలించి 2019లో ప్రచురించిన అధ్యయనంలో ఆ సంబంధం ఏమీ కనిపించలేదు. ఈలోగా ఎన్నో దేశాల్లో తల్లిదండ్రులు టీకా మానేశారు. తట్టు ప్రాణాలు తీసే జబ్బు. ఆటిజం ఉన్న బిడ్డ కంటే ప్రాణాపాయమే నయమనిపించేలా మనుషుల్ని భయపెట్టారంటే, ఆ భయాన్ని తగ్గించడం ప్రజారోగ్యానికి సంబంధించిన పని కూడా అవుతుంది.

ఇప్పుడు తెలివి సంగతి. ఆటిజం ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి బుద్ధి మాంద్యం అని చాలాకాలం పాఠ్యపుస్తకాల్లో రాశారు. ఆ అంచనా వేసిన పరీక్షలు చాలావరకు ప్రశ్నను నోటితో అడిగి, జవాబును నోటితో రాబట్టేవి. 2007లో మాంట్రియల్ పరిశోధకులు 38 మంది ఆటిజం ఉన్న పిల్లలకు రెండు పరీక్షలు పెట్టారు. ఒకటి వాడుకలో ఉన్న వెక్స్‌లర్ పరీక్ష. రెండోది రేవెన్ పరీక్ష, బొమ్మల వరసలో ఖాళీని చూసి తర్కంతో పూరించాలి, మాటతో పనిలేదు. అదే వయసు పిల్లలు వంద మందిని వరసగా నిలబెడితే, రెండో పరీక్షలో ఈ పిల్లలు మొదటిదానికంటే సగటున 30 స్థానాలు ముందున్నారు. ఆ పరిశోధన వ్యాసానికి మొదటి రచయిత మిషెల్ డాసన్ స్వయంగా ఆటిజం ఉన్న మనిషి. అదే నగరంలో 2015లో, మాటలు దాదాపు లేని 30 మంది పిల్లలతో మరో ప్రయత్నం జరిగింది. వెక్స్‌లర్ పరీక్షను ఒక్కరూ పూర్తి చేయలేకపోయారు. రేవెన్ పరీక్షను, చేత్తో ముక్కలు అమర్చే రూపంలో ఇస్తే, 26 మంది పూర్తి చేశారు. అంటే పరీక్ష పెట్టలేని పిల్లలని మనం పక్కనబెట్టినవాళ్లలో చాలామందికి సరిపడే పరీక్షే మన దగ్గర లేదు. పెద్ద బొమ్మలో దాగిన చిన్న ఆకారాన్ని వేగంగా పట్టడం, వివరం వదలకపోవడం వంటి నేర్పులు ఆటిజం ఉన్నవాళ్లలో తరచూ కనిపిస్తాయని 1983 నుంచే అధ్యయనాలు చెబుతున్నాయి.

వీళ్లకు ఎదుటివారి మనసు తెలియదు, నలుగురిలో కలవలేరు అనే మాట ఇంకా లోతుగా నాటుకుంది. ఇంగ్లండ్‌కు చెందిన డేమియన్ మిల్టన్ అనే సామాజిక శాస్త్రవేత్త, ఆయనకూ ఆటిజం ఉంది, 2012లో ఒక సూటి ప్రశ్న వేశాడు. రెండు భిన్నమైన మనసులు ఒకదాన్నొకటి అర్థం చేసుకోలేకపోతే లోపం ఒక్క పక్షానిదే ఎలా అవుతుంది? ఎడింబరాలో కేథరిన్ క్రాంప్టన్ బృందం దీన్ని పరీక్షకు పెట్టింది. ఎనిమిది మందిని వరసగా కూర్చోబెట్టి, ఒక కథను ఒకరి నుంచి ఇంకొకరికి చెప్పించారు. అందరూ ఆటిజం ఉన్నవాళ్లే అయిన వరసలో కథ ఎంత భద్రంగా చివరికి చేరిందో, అందరూ ఆటిజం లేనివాళ్లే అయిన వరసలోనూ అంతే చేరింది. రెండు రకాలవాళ్లూ కలిసిన వరసలోనే వివరాలు రాలిపోయాయి. ఇక్కడ నిజాయితీగా ఒకటి చెప్పాలి. తర్వాత 300 మందికి పైగా పాల్గొన్న పెద్ద అధ్యయనంలో ఆ కలిసిన వరసలు కూడా వెనకబడలేదు. కాబట్టి మొదటి అధ్యయనంలో ఆ సగాన్ని గట్టిగా పట్టుకోలేం. మిగతా సగం మాత్రం రెండుసార్లూ నిలబడింది, ఆటిజం ఉన్నవాళ్లు తమలో తాము మాట్లాడుకోవడంలో ఎవరికీ తీసిపోలేదు. 2017లో అమెరికాలో నోవా సాసన్, ఆయన సహచరులు చేసిన పని నన్ను మరీ కలచివేసింది. ఆటిజం ఉన్నవాళ్లు మాట్లాడిన కొన్ని క్షణాల వీడియో చూసి కొత్తవాళ్లు వీళ్లతో స్నేహం వద్దనుకున్నారు. అవే మాటల్ని కాగితం మీద చదివించినప్పుడు ఆ చిన్నచూపు మాయమైంది. చెప్పిన విషయంలో లోటు లేదు. గొంతు, చూపు, కూర్చున్న తీరు మామూలుగా లేవని క్షణాల్లో తీర్పు ఇచ్చేశారు.

ఆ తీర్పు తప్పించుకోవడానికి ఆటిజం ఉన్నవాళ్లు తమను దాచుకోవడం నేర్చుకుంటారు. కళ్లలోకి చూడటం కష్టంగా ఉన్నా చూస్తారు, చేతులు ఊపాలనిపిస్తే జేబులో పెట్టుకుంటారు, నవ్వాల్సిన చోటు ముందే బట్టీ పడతారు. ముఖ్యంగా అమ్మాయిలు దీన్ని ఎంత బాగా చేస్తారంటే, చాలామందికి పెద్దయ్యేదాకా ఆటిజం ఉందనే ఎవరూ గుర్తించరు. ఒకప్పుడు మన బళ్లలో ఎడమచేతి వాటం పిల్లల వేళ్ల మీద బెత్తంతో కొట్టి కుడిచేత్తో రాయించేవారు. వాళ్లు రాయడం నేర్చుకున్న మాట నిజమే, దానికి చెల్లించిన ధర ఎవరూ లెక్కవేయలేదు. ఆటిజం విషయంలో ఆ ధరను ఇప్పుడు లెక్కవేస్తున్నారు. 2018లో ఇంగ్లండ్‌లో సారా కేసిడీ బృందం, తమను దాచుకునే అలవాటు ఎక్కువగా ఉన్నవాళ్లలో ఆత్మహత్య ఆలోచనలూ ఎక్కువని చూపింది. అదే ఏడాది ఐలిద్ కేజ్, ఆమె సహచరులు చేసిన అధ్యయనంలో, ఇంటా బయటా తమను అంగీకరించారని అనిపించినవాళ్లలో, తమను తాము అంగీకరించినవాళ్లలో కుంగుబాటు లక్షణాలు తక్కువగా కనిపించాయి. ఇవి సంబంధాన్ని చూపుతాయే తప్ప ఏది కారణమో ఏది ఫలితమో తేల్చవు, కుంగిపోయినవాళ్లకు లోకం తమను అంగీకరించలేదని అనిపించడమూ సహజమే. కానీ వేర్వేరు చోట్ల, వేర్వేరు పద్ధతుల్లో చేసిన పనులు ఒకే వైపు చూపిస్తుంటే, పక్కా రుజువు వచ్చేదాకా పిల్లల చేతులు కట్టేయడం న్యాయం కాదు.

నా వాదనకు వచ్చే అభ్యంతరాల్లో బలమైనది కష్టం తెలిసిన తల్లిదండ్రులదే. మాట్లాడగలిగి, ఉద్యోగం చేసుకునేవాళ్ల సంగతి సరే, ఇరవై ఏళ్లు వచ్చినా మాటలు రాని, రాత్రుళ్లు నిద్రపోని, తల గోడకేసి కొట్టుకునే నా బిడ్డ విషయంలో సానుకూలం ఏముంది అని వాళ్లు అడుగుతారు. ఆ ప్రశ్నను పక్కకు నెట్టే హక్కు ఎవరికీ లేదు. 2021లో ‘లాన్సెట్’ నియమించిన అంతర్జాతీయ నిపుణుల బృందం, రోజంతా ఒకరి తోడు అవసరమయ్యేవాళ్ల కోసం వేరే పేరు కావాలని సూచించింది కూడా. అయినా ఆ ఇంట్లో ఈ దృష్టి అవసరం మరింత ఎక్కువని నా నమ్మకం. తల కొట్టుకునే పిల్లవాడికి పంటి నొప్పో, చెవిపోటో, కడుపులో మంటో ఉండి చెప్పుకోలేకపోతూ ఉండవచ్చు. అంతా ఆటిజం వల్లే అనుకున్న ఇంట్లో, అలా అనుకున్న డాక్టరు దగ్గర, ఆ నొప్పిని ఎవరూ వెతకరు. మూర్ఛ ఆటిజం ఉన్నవాళ్లలో మామూలు జనంలో కంటే చాలా ఎక్కువ. దానికి మందులున్నాయి, తప్పకుండా వాడాలి. నిద్రలేమికీ ఆందోళనకూ వైద్యం ఉంది. ఆటిజాన్నీ దానితో కలిసి వచ్చే జబ్బుల్నీ విడదీసి చూడటం ఈ దృష్టి నేర్పే మొదటి పని. రెండోది మాట గురించి. నోటి మాట రాని పిల్లలకు బొమ్మల కార్డులు, ట్యాబ్‌లో నొక్కితే పలికే యాప్‌లు ఉన్నాయి. వాటికి అలవాటు పడితే నోటి మాట రాదని మన ఇళ్లలో భయపడతారు. అవి మాటను ఆపుతాయనడానికి పరిశోధనల్లో ఆధారం లేదు, కొందరికి కాస్త తోడ్పడతాయి కూడా. నీళ్లు కావాలని, నొప్పిగా ఉందని, వద్దని చెప్పే దారి దొరికిన పిల్లవాడికి గోడతో పని తగ్గుతుంది.

మరో అభ్యంతరం దీనికి ఎదురు దిక్కునుంచి వస్తుంది. సానుకూలం అనగానే సినిమాలు, వార్తలు మేధావుల్ని చూపిస్తాయి. 1988లో వచ్చిన ‘రెయిన్ మ్యాన్’ సినిమా తర్వాత ఆటిజం ఉన్న ప్రతివాడూ అంకెల మాంత్రికుడని లోకం నమ్మింది. అందులో ఆటిజం ఉన్న పాత్రకు ప్రేరణ అయిన కిమ్ పీక్‌ది ఆటిజం కాదని తర్వాత వైద్యులు అభిప్రాయపడ్డారు. అద్భుత ప్రతిభ కొద్దిమందిలోనే ఉంటుంది. ప్రతిభ ఉంటేనే గౌరవం అనే షరతు పెడితే మిగతా పిల్లలకు అది మరో శిక్ష అవుతుంది. మన ఇళ్లలో ఏ పిల్లవాడికీ బువ్వ పెట్టడానికి ర్యాంకు అడగం.

అంగీకరిస్తే నేర్పించడం మానేస్తారని కూడా అంటారు. నేర్పించాల్సినవి చాలా ఉన్నాయి. స్నానం, బట్టలు వేసుకోవడం, రోడ్డు దాటడం, డబ్బు లెక్క, ఎవరైనా తాకరాని చోట తాకితే అరవడం. స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ వీటికోసం ఎంత త్వరగా మొదలైతే అంత మేలు. ప్రశ్న అల్లా గమ్యం ఏమిటన్నది. కాలిఫోర్నియాలో ఐవార్ లోవాస్ అనే మనస్తత్వవేత్త తన శిక్షణ పద్ధతి తొలి రోజుల్లో పిల్లల మీద చెంపదెబ్బలు, విద్యుత్ షాకులు కూడా వాడాడు. మిగతా పిల్లల్లో కలిసిపోయి తేడా కనిపించకపోవడమే ఆయన లెక్కలో విజయం. ఆ కొలబద్దను ఇప్పటికీ మన ఊళ్లలో కొన్ని చోట్ల వాడుతున్నారు, గంటకింత అని డబ్బు కట్టి ‘ఐ కాంటాక్ట్’ నేర్పిస్తున్నారు. చేతులు ఊపడం, ముందుకూ వెనక్కూ ఊగడం తమను తాము నిబ్బరపరచుకునే మార్గమని ఆటిజం ఉన్న పెద్దవాళ్లు పరిశోధకులకు స్పష్టంగా చెప్పారు. ఎవరికీ హాని లేని ఆ కదలికను మాన్పించడానికి పెట్టే గంటల్ని మాటకూ ఆటకూ పెట్టవచ్చు. నయం చేస్తామనే వ్యాపారం పుట్టేదీ ఈ తప్పుడు గమ్యం నుంచే. స్టెమ్‌సెల్ ఇంజెక్షన్ల కోసం పొలాలు అమ్ముకున్న కుటుంబాలు ఉంటే వాళ్లను తప్పుపట్టలేం. ఆ చికిత్సతో ఆటిజం తగ్గుతుందనే ఆధారం లేకపోయినా అమ్మేవాళ్లదే ఆ తప్పు.

ఇక డబ్బు సంగతి. బ్యాంకున్న ఇంట్లో పుట్టిన డొనాల్డ్‌తో కూలి పనికి పోయే తల్లి బిడ్డను పోల్చడం అన్యాయమనే మాటలో నిజముంది. అందుకే ఈ దృష్టిని కుటుంబాల మంచి మనసుకు వదిలేయకూడదు. 2018లో ప్రచురించిన ఒక అధ్యయనం మన దేశంలో ఐదు ప్రాంతాల్లో, అందులో హైదరాబాద్ ఒకటి, రెండు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల్ని పరిశీలించింది. సుమారు వంద మందిలో ఒకరికి ఆటిజం ఉన్నట్టు తేలింది. రెండు తెలుగు రాష్ట్రాల్లో ప్రతి పెద్ద బడిలోనూ అలాంటి పిల్లలు ఉండాలన్నమాట. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది, బడిలో చేర్చుకోనని చెప్పే వీలు లేదు. మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి. 1984 నుంచి సికింద్రాబాద్‌లో మేధో వైకల్యాల జాతీయ సంస్థ ఉంది. ఆటిజం తీవ్రత కొలవడానికి దేశమంతా వాడే 40 అంశాల పట్టిక తయారైంది అక్కడే. ఆ పట్టికలో దాదాపు అన్నీ ఇబ్బందులే, సర్టిఫికెట్ ఇవ్వాలంటే అవే కొలవాలి కాబట్టి తప్పదు. కానీ ఆ శాతమే పిల్లవాడి పూర్తి వివరణ అని బడి అనుకోకూడదు. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం కాగితం పక్కనే మరో కాగితం ఉండాలి. వీడికి ఏది ఇష్టం, ఏ చప్పుడు భరించలేడు, కోపం వస్తే ఎలా శాంతిస్తాడు, ఏ పని ఇస్తే గంటసేపు లీనమైపోతాడు. దాన్ని తల్లి చెబితే టీచర్ రాసుకోవచ్చు, రూపాయి ఖర్చు లేదు. ఆ రైతు దంపతులు చేసిన పని ఇంతే, దానికి బ్యాంకు అక్కర్లేదు. ‘మా తర్వాత వీడికెవరు?’ అనే ప్రశ్నకు మాత్రం డబ్బు, ప్రభుత్వం రెండూ కావాలి. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద సంరక్షకుణ్ని నియమించుకునే వీలుంది. కానీ పెద్దయినవాళ్లు నలుగురైదుగురు తోడుతో కలిసి ఉండే ఇళ్లు మన జిల్లాల్లో కావలసినన్ని లేవు. వాటిని అడగాలంటే ముందు ఈ బిడ్డల్ని సిగ్గుపడి దాచడం ఆపాలి.

దాచడం బిడ్డ దగ్గర కూడా జరుగుతోంది. చాలా ఇళ్లలో ఆటిజం సంగతి డాక్టరుకూ అమ్మమ్మకూ తెలుసు, పన్నెండేళ్ల పిల్లవాడికి తెలియదు. తెలిస్తే కుంగిపోతాడని భయం. న్యూయార్క్‌లో ఆటిజం ఉన్న విద్యార్థులే పాల్గొని చేసిన, 2023లో ప్రచురించిన అధ్యయనం 78 మంది యూనివర్సిటీ విద్యార్థుల్ని అడిగింది. తమకు ఆటిజం ఉందని చిన్న వయసులో తెలిసినవాళ్లు పెద్దయ్యాక తమ జీవితం మెరుగ్గా ఉందని చెప్పారు. తెలియని పిల్లవాడు తన తేడాకు తానే ఒక పేరు పెట్టుకుంటాడు, మొద్దు, పిచ్చోడు అని, బడిలో వినిపించేవి అవే కాబట్టి. చెప్పడానికి ఉపన్యాసం అక్కర్లేదు. మిక్సీ చప్పుడు మాకంటే నీకు ఎక్కువగా వినిపిస్తుంది నాన్నా, రైళ్ల పేర్లు నీకు గుర్తున్నట్టు మాకు గుర్తుండవు, జనం ఎక్కువైతే నీకు ఊపిరాడదు, దీన్ని ఆటిజం అంటారు, నీలాంటివాళ్లు లోకంలో చాలామంది ఉన్నారు, క్లాసులో గోల భరించలేనప్పుడు కాసేపు వరండాలోకి వెళ్తానని టీచర్‌ను అడగొచ్చు అని చెప్పాలి. అడిగినప్పుడు వెళ్లనివ్వమని టీచర్‌కు ముందుగానే చెప్పి ఉంచాలి.